తక్కువ కట్టి పంట తీయాలని: నగరం నడుమ మా ప్రయోగ క్షేత్రం

ఒక పాత గిడ్డంగి పైకప్పు, దాని పక్కనే వాహనాలు నిలిపే సిమెంటు ఆవరణ. ఈ రెండింటినీ కలిపి కూరగాయలు పండించే ప్రయోగ క్షేత్రంగా మార్చే పని మా ఆర్కిటెక్టుల బృందానికి వచ్చింది. ఏం పండించాలన్న చర్చ కంటే ముందు, అసలు ఎంత కట్టాలన్న చర్చే మా మధ్య ఎక్కువ కాలం నడిచింది. దానికి కారణం 2024 జనవరిలో నేచర్ సిటీస్ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం.

మిషిగన్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో ఫ్రాన్స్, జర్మనీ, పోలండ్, బ్రిటన్, అమెరికాల్లోని 73 పట్టణ సాగు స్థలాలను పరిశీలించి తేల్చిన లెక్క అది. ఒక మనిషికి ఒకసారి వడ్డించే కూరగాయల మోతాదును ప్రమాణంగా తీసుకుంటే, నగరంలో పండినదాని వెనుక సగటున 0.42 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు ఉన్నాయి. మామూలు పొలంలో పండినదాని వెనుక ఉన్నవి 0.07 కిలోలు. అంటే ఆరు రెట్ల తేడా. ఇందులో పెద్ద వాటా ఎరువుదో నీటిదో కాదు, కట్టడాలది. నేల మీద చట్రం కట్టి మట్టి నింపే ఎత్తు మడులు, షెడ్లు, బాటలు వంటివి తయారయ్యేటప్పుడే బోలెడంత కార్బన్ ఖర్చవుతుంది. ఎత్తు మడిని ఐదేళ్లు వాడి పారేస్తే, ఇరవై ఏళ్లు వాడినదానితో పోలిస్తే వడ్డనకు పడే కార్బన్ భారం దాదాపు నాలుగు రెట్లు ఉంటుందని కూడా ఆ పరిశోధకులు చెప్పారు.

నగర సాగు వద్దని ఆ అధ్యయనం అనలేదు. ఆరుబయట నేలలో పండించిన నగరపు టమాటా, గ్రీన్‌హౌసులో పండిన టమాటా కంటే మెరుగని తేలింది. విమానంలో వచ్చే కూరగాయలతో పోల్చినా నగర సాగుదే పైచేయి. కానీ ఆర్కిటెక్టుగా ఆ పత్రం చదివినప్పుడు నాకు అర్థమైంది ఒకటే. క్షేత్రం పర్యావరణానికి మేలు చేస్తుందా, చేటు చేస్తుందా అన్నది చాలా వరకు మా చేతుల్లోనే, మేం గీసే గీతల్లోనే ఉంది. రైతు ఎంత పొదుపుగా నీళ్లు పెట్టినా, మేం పోసిన కాంక్రీటును ఆయన వెనక్కి తీయలేడు.

అప్పటికే సిద్ధమైన తొలి నమూనాలో ఉక్కు స్తంభాల మీద పాలికార్బనేటు గ్రీన్‌హౌసు, అంతస్తులుగా పేర్చిన అరలు, కొత్త నీటి ట్యాంకు ఉన్నాయి. చూడటానికి అందంగానే ఉండేది. ప్రతి వస్తువు పక్కన దాని బరువు, అది ఎక్కడి నుంచి వస్తుంది, ఎన్నేళ్లు నిలుస్తుంది, తరువాత దాన్ని ఏం చేస్తాం అని రాసే పట్టిక ఒకటి తయారు చేశాం. గ్రీన్‌హౌసు ఆ పట్టికలో నిలవలేదు. అరలూ నిలవలేదు. కొత్త ఉక్కు స్థానంలో కూల్చివేత స్థలాల నుంచి తెచ్చిన పాత ఉక్కు కోణాలు, గొట్టాలు వచ్చాయి. పాత చెక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తపడ్డాం. ఆర్సెనిక్ కలిసిన రసాయనాలతో శుద్ధి చేసిన చెక్కను అమెరికాలో ఇళ్ల వాడకానికి 2003 చివరితో ఆపేశారు. అంతకుముందు తయారైన చెక్క మాత్రం ఇప్పటికీ పాత కంచెల్లో, వరండాల్లో దొరుకుతూనే ఉంటుంది. క్రియోసోట్ అనే విషపు తారు నూనె పట్టించిన రైలు స్లీపర్లదీ అదే సంగతి. చెక్క చరిత్ర తెలియకపోతే అది మడి దగ్గరికి రాకూడదని నియమం పెట్టుకున్నాం. చవకగా వస్తుందని ఎవరు తెచ్చినా తిప్పి పంపాం.

తరువాత బరువు సంగతి. తోటమట్టి పూర్తిగా తడిస్తే ఘనపు మీటరుకు 1,600 నుంచి 2,000 కిలోల దాకా తూగుతుంది. ముప్ఫై సెంటీమీటర్ల మందాన పరిస్తే చదరపు మీటరుకు అయిదారు వందల కిలోలు. మామూలు భవనాల పైకప్పులు చాలావరకు చదరపు మీటరుకు 150 కిలోల చుట్టుపక్కల అదనపు భారానికి లెక్కగట్టి కట్టినవే. న్యూయార్కులో 2010లో మొదలైన, పైకప్పుల మీద సాగు చేసే బ్రూక్లిన్ గ్రాంజ్ అనే సంస్థ మొదటి క్షేత్రం దాదాపు ఎకరం పైకప్పు మీద మట్టిలోనే సాగుతోందంటే, దాని కింద ఉన్నది 1919 నాటి కాంక్రీటు పారిశ్రామిక భవనం కాబట్టి. ఆ ఫొటోలు చూసి తమ డాబా మీదా అలాగే చేయాలనుకునేవాళ్లు ముందుగా కలవాల్సింది స్ట్రక్చరల్ ఇంజినీరును.

మా ఇంజినీరు పాత డ్రాయింగులను నమ్మలేదు. శ్లాబులో ఇనుము ఎక్కడుందో పరికరంతో వెతికారు, కాంక్రీటు ముక్కలు తీయించి బలం పరీక్ష చేయించారు, పిట్టగోడ పక్కన తేమ తగిలిన చోట పెచ్చులు ఊడగొట్టించి లోపలి కడ్డీ తుప్పు చూశారు. చివరికి ఒకరోజు పొద్దున్నే సుద్దముక్క పట్టుకుని పైకప్పు మీదికి వచ్చి, కింద బీములు, స్తంభాలు ఉన్న గీతలను పైన గీశారు. బీముల వెంబడి మందమైన మడులు పెట్టుకోవచ్చు. స్తంభాల నెత్తిన నీటి పీపాలు ఉంచుకోవచ్చు. శ్లాబు నడిమి భాగాల్లో పలుచని మట్టి, లేదంటే నడిచే బాటలు. పగటి ఎండలో ఆ తెల్లగీతల మధ్య నిలబడి చూస్తుంటే క్షేత్రం ప్లాను తనంతట తానే తయారైపోయింది. మేం కాగితం మీద గీసుకున్న వంపు మడులు ఎక్కడా సరిపోలేదు. వాటిని పక్కన పెట్టేశాం. నాకు ఆ సుద్దగీతల ప్లానే ఇప్పటికీ మా అన్ని డ్రాయింగులలోకీ ఇష్టమైనది.

పైకప్పుకు మామూలు మట్టి పనికిరాదు కాబట్టి తేలికపాటి మిశ్రమం కావాలి. సాధారణంగా కాల్చి ఉబ్బించిన బంకమట్టి గుళికలు వాడతారు. వాటిని కాల్చడానికి చాలా ఇంధనం పడుతుంది. మేం కూల్చిన గోడల ఇటుకలను నలగ్గొట్టించి, జల్లెడపట్టి, సున్నం, సిమెంటు తక్కువగా ఉన్న ముక్కలనే ఏరి, కంపోస్టుతో కలిపాం. సిమెంటు ఎక్కువైతే పీహెచ్, అంటే మట్టి క్షారగుణం, పెరిగి ఇనుము, మాంగనీసు వంటివి మొక్కకు అందవు, లేత ఆకులు ఈనెల మధ్య పసుపు పచ్చబడతాయి. మిశ్రమం బరువు తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. అడుగున చిల్లులు వేసిన పది లీటర్ల బకెట్టు నింపి, నీళ్లలో రాత్రంతా ముంచి ఉంచి, పొద్దున తీసి, చుక్కలు ఆగేదాకా వారగట్టి తూచాలి. ఆ తూకాన్ని వందతో హెచ్చిస్తే ఘనపు మీటరు బరువు వచ్చేస్తుంది. ప్రతి విడతలోనూ ఈ పని చేశాం. పొడిగా ఉన్నప్పుడు తూచిన అంకెను ఎవరైనా చూపిస్తే మా ఇంజినీరు కాగితం కూడా ముట్టుకునేవారు కాదు.

నీళ్లు కిందికి దిగకుండా వేసే పొర గురించి ఎక్కువ చెప్పను. వాటర్‌ప్రూఫింగ్ పైన వేళ్లను ఆపే పొర, దానిపైన నీరు పారే పొర, దానిపైన మట్టి జారకుండా ఆపే గుడ్డ, ఆపైన మిశ్రమం. మట్టి పోయకముందు గొట్టాల నోళ్లు మూసి, పైకప్పును నీటితో నింపి రెండు రోజులు అలాగే ఉంచి కింద చెమ్మ చూడాలి. మట్టి పోశాక చుక్క పడితే ఆ చుక్క ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం నరకం. నీరు కిందికి పోయే ప్రతి రంధ్రం మీద మూత తీసి చూడగలిగే పెట్టె ఉండాలి, దాని చుట్టూ మొక్క పెట్టకూడదు. ఈ రెండు విషయాల్లో బేరమాడకూడదు.

ఆవరణలో సమస్య వేరు. పాత పారిశ్రామిక స్థలం, పక్కన రద్దీ రోడ్డు. అలాంటి చోట మట్టిలో సీసం ఉంటుందని ముందే అనుకోవాలి. సీసం కలిసిన పెట్రోలు ప్రపంచంలో ఆఖరి దేశంలో ఆగిపోయింది 2021లోనే. దశాబ్దాల పాటు పొగగొట్టాల నుంచి వచ్చి రోడ్ల పక్కన పడిన సీసం ఎటూ పోలేదు, అది కుళ్లదు, ఆవిరి కాదు. పాత గోడల రంగు పెచ్చులు కూడా అదే పని చేస్తాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇళ్ల దగ్గరి మట్టికి పెట్టిన హెచ్చరిక స్థాయిని 2024లో పది లక్షల వంతుల్లో 400 నుంచి 200కు తగ్గించింది. పిల్లల మెదడు విషయంలో సురక్షితమైన సీసం మోతాదు అంటూ ఏదీ లేదని వైద్యులు చెబుతున్నప్పుడు ఆ తగ్గింపు సబబే అనిపిస్తుంది.

సిమెంటు కింద ఏముందో తెలుసుకోవడానికి ఒక్క నమూనా చాలదు. గోడ వెంబడి, రోడ్డు వైపు, మధ్యలో, వాననీరు చేరే పల్లంలో విడివిడిగా మట్టి తీసి పంపాం. మధ్యలో పర్వాలేదు. గోడ వెంబడి, పల్లంలో అంకెలు మమ్మల్ని భయపెట్టాయి. సిమెంటు మొత్తం తవ్వి తీసేయాలన్న ఆలోచనను అక్కడితో మానుకున్నాం. తవ్వితే దుమ్ము లేస్తుంది, ఆ మట్టిని ఎక్కడో పారబోయాలి, అంటే మన విషాన్ని ఇంకొకరి వాకిట్లో పోసినట్టే. సిమెంటును అలాగే మూతలా ఉంచి, దానిపైన అడుగున గుడ్డ పరిచిన మడులు పెట్టాం. గోడ పక్కన తినే పంట ఏదీ లేదు, పూలమొక్కలు, తీగలు మాత్రమే.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సీసం వేళ్ల ద్వారా మొక్కలోకి ఎక్కేది తక్కువే. ఎక్కినా ఎక్కువగా వేళ్లలోనే ఆగిపోతుంది, కాయల దాకా చేరేది మరీ తక్కువ. అసలు ప్రమాదం దుమ్ము. గాలికి లేచిన దుమ్ము, వాన చినుకుకు చిట్లిన మట్టి ఆకుల మీద పడి మన నోట్లోకి వస్తుంది. అందుకే ఆకుకూరలను రోడ్డుకు దూరంగా, పైకప్పు మీద పెట్టి, టమాటా, చిక్కుడు, వంగ వంటి కాయ పంటలను ఆవరణకు దించాం. రోడ్డు వైపు దట్టమైన తీగల పందిరి నిలబెట్టాం. మడుల మీద గడ్డి, ఎండుటాకుల ఆచ్ఛాదన ఎప్పుడూ ఉండేలా చూశాం. పని ముగిశాక చేతులు కడుక్కునే చోటును తలుపు పక్కన కాకుండా, తలుపులోకి రావాలంటే దాటి తీరాల్సిన చోట పెట్టాం. మేం గీసినవాటిలో ఆరోగ్యానికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఆ చిన్న తొట్టే అని నా నమ్మకం.

ఇక్కడ మా రైతు గురించి చెప్పాలి. పల్లెలో దశాబ్దాల పాటు సాగు చేసి నగరానికి వచ్చిన పెద్దాయన. ఆయనను మేం పనులు మొదలయ్యాక పిలవలేదు, డ్రాయింగుల దశలోనే జీతం మీద బృందంలోకి తీసుకున్నాం. ప్లాను చూపిస్తే ఆయన మొదట వెతికింది కొళాయి.

"ఇక్కణ్ణుంచి ఆ చివరి మడికి నీళ్లు ఎవరు మోస్తారమ్మా?" అని అడిగారు.

"డ్రిప్పు గొట్టాలు వేస్తున్నామండీ."

"డ్రిప్పు మూసుకుపోయిన రోజున? నారు పోసిన రోజున? కొళాయి పక్కనున్న మడి బతుకుతుంది, దూరంగా ఉన్న మడి ఎండుతుంది. మీరే చూస్తారు."

కొళాయిలు పెరిగాయి. మడి వెడల్పు రెండు వైపుల నుంచీ చేయి అందేలా 1.2 మీటర్లు దాటకుండా, ఒకవైపు నుంచే అందే చోట 60 సెంటీమీటర్లకు తగ్గించి పెట్టాం. బండి తిరగాల్సిన బాట 90 సెంటీమీటర్లు, మనిషి మాత్రమే నడిచేది దాంట్లో సగం. ఆయన టేపు పట్టుకోలేదు. నేల మీద కూర్చుని చేయి చాచి, ఇక్కడిదాకా అని చూపించారు, మేం కొలుచుకున్నాం. పనిముట్ల గది, కంపోస్టు కుప్ప, నారుమడి ఈ మూడూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలని ఆయన పట్టుబట్టారు. మేం కంపోస్టును కనబడకుండా వెనక మూలకు నెట్టాం. ఆయన దాన్ని గేటు పక్కకు తెచ్చారు. ఇరుగుపొరుగు వంటింటి వ్యర్థాలు తెచ్చి వేయాలంటే అది దారిలో ఉండాలి కదా.

గేటు పక్కన కంపోస్టు అంటే వాసన భయం. వాసన వస్తోందంటే గాలి ఆడటం లేదనో, నత్రజని ఎక్కువైందనో అర్థం. పచ్చి వ్యర్థాల్లో నత్రజని, ఎండుటాకుల్లో, రంపపు పొట్టులో, అట్టముక్కల్లో కార్బన్ ఎక్కువ. కుప్ప మొత్తం మీద కార్బన్ నత్రజనికి పాతిక నుంచి ముప్ఫై రెట్లు ఉంటే అది శుభ్రంగా కుళ్లుతుంది. ఆచరణలో ఎవరూ ఈ లెక్కలు వేయరు. బకెట్టెడు పచ్చిది వేస్తే దానికి రెండింతలకు పైగా ఎండుది వేసి మూయాలని పెట్టె మీద బొమ్మ వేసి పెట్టాం, పక్కనే ఎండుటాకుల పెట్టె ఎప్పుడూ నిండుగా ఉంచాం. పొడుగాటి థర్మామీటరు కుప్ప నడుమ గుచ్చి ఉంటుంది. లోపలి వేడి 55 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలిస్తే రోగక్రిములు, కలుపు గింజలు చాలావరకు నశిస్తాయి. 70కి దగ్గరపడితే తిరగేయాలి, లేకపోతే పనిచేసే సూక్ష్మజీవులే చస్తాయి. చలి పొద్దుల్లో మూత తీయగానే ఆవిరి ముఖానికి కొట్టేది. బడికి వెళ్తూ ఆగి ఆ అంకె చదివే పిల్లలు తయారయ్యారు. వాసన గురించి వచ్చిన ఫిర్యాదులు మేం భయపడినదానికంటే చాలా తక్కువ.

నీటి లెక్క అన్నిటికంటే సులువైనది, అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. పైకప్పులో సాగులో లేని భాగం విస్తీర్ణాన్ని మీ చోటి నెలవారీ వానతో హెచ్చించి, ఇంకిపోయేదీ చిందిపోయేదీ తీసేస్తే చేతికి వచ్చే నీరు తెలుస్తుంది. దాని పక్కనే పంటకు నెలనెలా కావలసిన నీరు రాసుకోవాలి. ఎండలు ముదిరే నెలల్లో ఆ రెండు గీతలు ఎంత దూరమవుతాయో చూస్తే, వాననీటితోనే మొత్తం సాగు అనే మాట ఎవరూ అనరు. మేం పాత ఆహార పరిశ్రమల పీపాలను వరుసగా కలిపి ట్యాంకుగా వాడుతున్నాం. తొలి వానకు పైకప్పు కడిగిన మురికి నీరు విడిగా పోయే ఏర్పాటు ఉంది.

మడుల నుంచి కారే నీటి విషయం మాత్రం చాలా ప్రాజెక్టుల్లో ఎవరూ పట్టించుకోరు. కంపోస్టు దండిగా వేసిన పైకప్పు మడుల నుంచి వాన పడ్డప్పుడు భాస్వరం కొట్టుకుపోతుంది. ఆ నీరు మురుగు కాలువ గుండా చెరువుకో నదికో చేరితే అక్కడ నాచు పెరుగుతుంది. ఒక చెరువును పాడుచేసే క్షేత్రాన్ని పర్యావరణహితం అనడం నా వల్ల కాదు. అందుకని పైకప్పు నుంచి దిగే నీరు మొదట ఆవరణలోని పూలమొక్కల మడిలోకి, అక్కడ మిగిలినది పీపాల్లోకి చేరేలా మళ్లించాం. కంపోస్టు కూడా మట్టి పరీక్ష చూశాకే వేస్తున్నాం.

ప్రయోగ క్షేత్రం అన్నాక చేపలు, మొక్కలు కలిపి పెంచే ఆక్వాపోనిక్స్ గురించి అందరూ అడుగుతారు. మేమూ చిన్నది పెట్టాం. చేపల విసర్జనలోని అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా, ఇంకొక రకం నైట్రేటుగా మారుస్తుంది, ఆ నైట్రేటును మొక్కలు తీసుకుంటాయి. ఈ బాక్టీరియా స్థిరపడటానికి నెలకు పైగా ఓపిక పట్టాలి. సూత్రం ఎంత అందంగా ఉంటుందో నిర్వహణ అంత కటువు. పీహెచ్ పెరిగితే అమ్మోనియా చేపలకు విషమవుతుంది, తగ్గితే బాక్టీరియా మందగిస్తుంది. పంపు రాత్రీ పగలూ ఆడాలి. కరెంటు పోతే చేపలకు ప్రాణవాయువు అందే వ్యవధి గంటల్లోనే ఉంటుంది. పైగా చేపల మేత బయటి నుంచి కొనాలి, ఆ మేత వెనుక ఎక్కడి సముద్రమో, ఎక్కడి సోయా పొలమో ఉంటుంది. మా పట్టికలో పంపు కరెంటు, మేత కలిపి చూస్తే అదే ఆకుకూర మట్టిలో చాలా తక్కువ భారంతో వస్తోంది. ఆ విభాగాన్ని మూసి, తొట్లను నీటి నిల్వకు వాడుకుంటున్నాం. ఒక భవనం నుంచి వృథా అయ్యే వేడి, నిలకడైన కరెంటు, రోజంతా కనిపెట్టుకుని ఉండే మనిషి ఉన్నచోట ఫలితం వేరుగా ఉండవచ్చు. మాంట్రియల్‌లో 2011 నుంచి భవనాల పైన గ్రీన్‌హౌసులు నడుపుతున్న లూఫా ఫార్మ్స్ కింది భవనపు వెచ్చదనాన్ని వాడుకుంటుంది. అక్కడి చలికి అది సబబైన పద్ధతి. దాన్ని వేడి ప్రదేశాలకు ఫొటో చూసి ఎత్తుకురావడమే అన్యాయం.

పైకప్పు మీద గాలి నేల మీద ఉన్నట్టు ఉండదు. పిట్టగోడ అంచున సుడి తిరిగి మొక్కను మొదలంటా ఊపుతుంది, మట్టిని అనుకున్నదానికంటే త్వరగా ఆరబెడుతుంది. ఎదుటి భవనపు అద్దాల నుంచి పడే ఎండ మరొకటి. కంప్యూటర్‌లో ఎండ నమూనా గీసినప్పుడు నీడలు చూపింది గానీ ఆ ప్రతిఫలనాన్ని చూపలేదు. మధ్యాహ్నం ఒక మడిలో ఆకులు వాలిపోతుంటే రైతు చెయ్యి అడ్డం పెట్టి, వెలుగు ఎటునుంచి వస్తోందో చూపించారు. అక్కడ తీగ పందిరి వేశాం. గాలికి అడ్డంగా నిండు గోడ కడితే వెనకాల సుడి పెరుగుతుంది కాబట్టి సగం సందులున్న తడికలు కట్టాం. పేనుబంక మొదటి పంటను గట్టిగా పట్టింది. సబ్బు నీళ్లతో అదుపు చేస్తూ, పూలమొక్కలు పెంచి అక్షింతల పురుగుల కోసం ఎదురుచూశాం. అవి అంత ఎత్తుకు వస్తాయా అని నాకు సందేహంగా ఉండేది. వచ్చాయి. వాటి నల్లటి పిల్లపురుగులు ఒక్కో ఆకు మీద పేనుబంకను తినేస్తూ పోవడం చూసిన రోజున పనివాళ్లందరినీ పిలిచి చూపించాను.

ఇంత చేసినా స్థలం మాది కాదు. నగరంలో సాగుకు దొరికే స్థలాలు చాలావరకు ఇంకేదో కట్టేదాకా ఇచ్చినవే. పారిస్ శివారు కొలోంబ్‌లో ఆర్కిటెక్టులు కాన్‌స్టాంటిన్ పెట్కూ, డోయినా పెట్రెస్కూ స్థాపించిన సంస్థ స్థానికులతో కలిసి ఆగ్రోసిటే అనే సాగు కేంద్రం కట్టింది. తరువాత వచ్చిన పురపాలక నాయకత్వం ఆ స్థలాన్ని వాహనాలు నిలపడానికి కావాలంది. విప్పదీయగలిగేలా కట్టిన భవనం కాబట్టి దాన్ని పక్క ఊరు జెన్‌విలియేకు తరలించగలిగారు. బెర్లిన్‌లో 2009లో మొదలైన ప్రిన్సెసిన్నెన్‌గార్టెన్ అనే తోట కూడా డబ్బాల్లో, సంచుల్లో మొక్కలు పెంచింది, లేవమంటే లేచి పోగలిగేలా. న్యూయార్కులో 2008లో వర్క్‌ఏసీ అనే ఆర్కిటెక్టుల సంస్థ అట్ట గొట్టాలతో ఒక వేసవికి మాత్రమే పొలం కట్టి నిలబెట్టింది. ఇరవై ఏళ్లు వాడాలన్న లెక్కకూ, ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియని ఒప్పందానికీ మధ్య మేం ఎంచుకున్న దారి ఇదే. స్థలం పోయినా వస్తువు పోకూడదు. మా చట్రాల్లో వెల్డింగు లేదు, అన్నీ బోల్టులే. ప్రతి భాగం ఇద్దరు మనుషులు మోయగలిగేంత. పలకల కొలతలన్నీ ఒకటే, ఏది ఎక్కడైనా సరిపోతుంది. ఒక మూలను ఒకసారి పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి చూశాం. తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టులను మార్చి, వాటికి గ్రీజు పూయడాన్ని ఏటా చేసే పనుల్లో చేర్చాం.

అనుమతుల దగ్గర ఎక్కువ కాలం పట్టింది. భవన నిబంధనల్లో పైకప్పు మీద తోట ఉంది, పొలం లేదు. అమ్మకానికి పండిస్తే అది వ్యాపారమా, సాగా అన్నది ఎవరూ తేల్చలేదు. మంటలార్పే శాఖకు దారి వెడల్పు కావాలి, మాకు మడులు కావాలి. విసుగు తెప్పించిన రోజులున్నా, మెట్లదారి వెడల్పు గురించి వాళ్లు చెప్పింది సరైనదే. పంట పండే పైకప్పు మీదికి మనుషులు వస్తారు, వచ్చినవాళ్లు క్షేమంగా దిగాలి. నడుముకు పైన వచ్చే పిట్టగోడ, రెండో మెట్లదారి లేని పైకప్పును నేనైతే జనానికి తెరవను.

ఇప్పుడు ప్రతి కోతనూ తూచి రాస్తున్నాం. బయటి నుంచి గేటు లోపలికి వచ్చే ప్రతి వస్తువునూ అదే పుస్తకంలో రాస్తున్నాం, పారేసినవాటితో సహా. కిలో పంటకు ఎంత భారం పడిందో ఏడాది చివర లెక్క కడతాం. మొదటి ఏడాది లెక్క సహజంగానే బరువైనది, కట్టిందంతా దాని నెత్తిన పడింది. ఏటా అది పలుచబడాలంటే కొత్తది కట్టకుండా ఉండాలి. మాకు నిధులిచ్చేవాళ్లు గ్రీన్‌హౌసు మళ్లీ అడిగారు, సందర్శకులకు చూపించడానికి బాగుంటుందని. ఆ పుస్తకం చూపించి వద్దన్నాం. దానికి బదులు రైతు జీతాన్ని ఇంకో మూడేళ్లకు ఖాయం చేయమని, ఆయనకు సాయంగా ఒక యువకుణ్ణి తీసుకోమని అడిగాం. ఒప్పుకున్నారు. ఆ అబ్బాయి పోయిన వారం పనిలో చేరాడు, ప్రస్తుతానికి కొళాయిల వాషర్లు మార్చడం నేర్చుకుంటున్నాడు.